తొమ్మిదో నెల ఎం.ఆర్. టీకా: మందుకు ఎన్ని మార్కులు, ఇచ్చే తీరుకు ఎన్ని

ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు ఒకసారి, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి ఉచితంగా వేసే తట్టు–రుబెల్లా (ఇంగ్లీషులో మీజిల్స్–రుబెల్లా) టీకా గురించి ఈ సమీక్ష. ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని ఎం.ఆర్. అనే పిలుస్తారు. మా మనవరాలికి రెండు మోతాదులూ ఇంటికి దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలోనే వేయించాం. సెల్‌ఫోన్లకూ మిక్సీలకూ పేజీల కొద్దీ సమీక్షలు రాసే మనం, దేశంలో పుట్టిన ప్రతి బిడ్డ ఒంట్లోకీ వెళ్లవలసిన ఈ అర మిల్లీలీటరు మందు గురించి మాత్రం వేయించామా లేదా అన్నంతవరకే మాట్లాడుకుంటాం. కళాశాలలో చాలాకాలం సూక్ష్మజీవశాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి మందు బిడ్డ శరీరంలో ఏం చేస్తుందన్న ఆసక్తి నాకు సహజంగానే ఉంది. తాతను కాబట్టి దాన్ని ఎలా ఇస్తున్నారన్నది కూడా దగ్గరుండి చూశాను. ఈ రెండింటికీ విడివిడిగా మార్కులు వేయడం న్యాయమని నా అభిప్రాయం. మందుకు ఐదింటికి నాలుగున్నర, ఇచ్చే తీరుకు మూడు. కోసిన మార్కులు ఎందుకు కోశానో చెప్పడానికే మిగిలిన వ్యాసం.

మందు చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. వెలుతురు తగిలితే పాడయ్యే స్వభావం ఉన్నందువల్ల ముదురు గోధుమరంగు గాజు సీసాలో, గడ్డకట్టించి ఆరబెట్టిన పొడి రూపంలో వస్తుంది. దానితోపాటు వచ్చే ద్రావణాన్ని అక్కడికక్కడ కలిపి, కుడి భుజం పైభాగాన చర్మం కింద 0.5 మిల్లీలీటరు ఇస్తారు. ఒక్కో మోతాదులో సోకే శక్తి ఉన్న తట్టు వైరస్ కనీసం 1,000 యూనిట్లయినా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అంటే ఇది బతికి ఉన్న, కాకపోతే బలహీనపరచిన వైరస్. 1954లో బోస్టన్ సమీపంలోని ఒక పాఠశాలలో తట్టు ప్రబలినప్పుడు డేవిడ్ ఎడ్మన్‌స్టన్ అనే విద్యార్థి నుంచి థామస్ పీబుల్స్ నమూనా సేకరించగా, జాన్ ఎండర్స్ ప్రయోగశాలలో పెరిగిన వైరస్ వంశమే 1963లో అమెరికాలో అనుమతి పొందిన తొలి తట్టు టీకాకు మూలం. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే టీకాలో ఉన్న ఎడ్మన్‌స్టన్–జాగ్రెబ్ రకం కూడా ఆ వంశానికి చెందినదే. మన హైదరాబాద్‌లో బయోలాజికల్ ఇ సంస్థ ఈ జంట టీకాను తయారుచేస్తున్నది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా వియత్నాంకు చెందిన పాలివాక్ సంస్థ సహకారంతో 2024లో తన టీకాను విడుదల చేసింది.

బతికి ఉన్న వైరస్ కావడమే ఈ మందు బలం, అదే దాని బలహీనత కూడా. బలహీనత సంగతి ముందు చెప్పేస్తాను. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ద్రావణం కలిపిన తరువాత నాలుగు గంటల్లో వాడెయ్యాలి. మిగిలినది ఎంత ఉన్నా పారెయ్యవలసిందే. కొన్ని ఇతర టీకాల తెరిచిన సీసాలను నియమాల ప్రకారం మరో రోజుకు దాచుకునే వీలుంది గానీ దీనికి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే ఇందులో సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే నిల్వ రసాయనం ఉండదు. ఒక సీసా నుంచి పలువురు పిల్లలకు ఇవ్వవలసి రావడం వల్ల దీనికి ఒక విచిత్రమైన పర్యవసానం ఉంది: ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది నియమం, నలుగురు పోగయ్యేదాకా ఆగడం వాడుక. మేము వెళ్లిన బుధవారం కూడా అంతే జరిగింది. "సార్, ఇంకో ఇద్దరు పిల్లలు రాని, అప్పుడు తెరుస్తా" అని అక్కడి సిస్టరు మర్యాదగానే అన్నది. వృథా తగ్గించాలన్న ఆమె తాపత్రయం అర్థం కానిది కాదు, కానీ కూలి మానుకుని వచ్చిన తల్లి అలా వేచి వేచి వెళ్లిపోతే ఆ బిడ్డ ఎప్పుడు తిరిగి వస్తుందన్నది ఎవరూ చెప్పలేరు. అర మార్కు మందుకు కోసింది ఇందుకే: ఒక బిడ్డకు ఒక సీసా చొప్పున ప్రభుత్వ కేంద్రాలకు చేరే రోజు వచ్చేవరకు ఈ ఇబ్బంది తప్పదు.

ఇక బలం. బిడ్డకు తొమ్మిది నెలలు నిండేవరకు ఎందుకు ఆగాలన్న ప్రశ్న కేంద్రంలో కూర్చున్న తల్లుల్లో కనీసం ఇద్దరి నోట విన్నాను. సమాధానం ఎవరూ చెప్పలేదు. ఈ సమాధానం తెలిస్తేనే టీకా పనితనం తెలుస్తుంది. తల్లికి చిన్నప్పుడు తట్టు వచ్చి ఉన్నా, టీకా వేయించుకుని ఉన్నా ఆమె రక్తంలో తట్టు వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఉంటాయి. వీటిలో ఐజీజీ అనే రకాన్ని మాయ (ప్లాసెంటా) తన కణాల మీద ఉండి వాటిని పట్టుకునే ప్రత్యేకమైన గ్రాహకాల ద్వారా బిడ్డకు చేరవేస్తుంది. ఈ రవాణాలో అత్యధిక భాగం ఏడో నెల దాటిన తరువాతే జరుగుతుంది కాబట్టి, నెలలు నిండిన బిడ్డ పుట్టేనాటికి తల్లితో సమానంగానో అంతకంటే కాస్త ఎక్కువగానో ఈ రక్షణతో పుడుతుంది. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు ఆ వాటా తక్కువ. అయితే ఇది బిడ్డ సొంతంగా సంపాదించుకున్నది కాదు, వారసత్వంగా వచ్చిన ఆస్తి. ఖర్చయ్యేదే తప్ప పెరిగేది కాదు. ఐజీజీ పరిమాణం సుమారు మూడు వారాలకు సగం చొప్పున తగ్గుతూ పోతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్యకు వచ్చేసరికి ఎక్కువమంది పిల్లల్లో రక్షణ ఇవ్వగల మట్టం కంటే కిందికి పడిపోతుంది.

ఇక్కడే చిక్కు. రక్షణకు చాలనంతగా తగ్గిపోయిన ఆ తల్లి యాంటీబాడీలు, టీకాను అడ్డుకోవడానికి మాత్రం చాలినంత ఉండవచ్చు. అవి టీకా వైరస్‌ను పట్టుకుని ఆదిలోనే నిర్వీర్యం చేస్తాయి. అంతేకాక వైరస్‌నూ యాంటీబాడీనీ కలిపి పట్టుకున్న బి కణానికి (యాంటీబాడీలను తయారుచేసే తెల్ల రక్తకణానికి), దాని ఉపరితలం మీదే ఉండే ఒక నిరోధక గ్రాహకం ద్వారా ఆగమన్న సంకేతం అందుతుందని ఎలుకజాతి ప్రాణుల మీద జరిపిన ప్రయోగాలు చూపాయి. కాబట్టి త్వరపడితే మందు వృథా అవుతుంది, ఆలస్యం చేస్తే బిడ్డ రక్షణ లేని కాలం పెరుగుతుంది. తొమ్మిది నెలలు అన్నది ఈ రెండింటి మధ్య కుదుర్చుకున్న రాజీ. తట్టు ఇంకా తిరుగుతున్న దేశాల్లో తొమ్మిది నెలలకు, వ్యాప్తి చాలా తక్కువగా ఉన్న దేశాల్లో 12 నెలలకు తొలి మోతాదు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది అందుకే. తొమ్మిది నెలలకు వేసిన తొలి మోతాదుతో సుమారు 85 శాతం పిల్లలకు, 12 నెలలకు వేస్తే సుమారు 95 శాతం పిల్లలకు రక్షణ కలుగుతుంది.

తల్లుల తరం మారుతున్నకొద్దీ ఈ లెక్క కూడా మారుతుందన్నది గమనించదగిన విషయం. అసలైన తట్టు వచ్చి తగ్గిన తల్లి కంటే టీకా మాత్రమే పొందిన తల్లిలో యాంటీబాడీలు తక్కువగా ఉంటాయి, ఆమె బిడ్డలో అవి ముందే కరిగిపోతాయి. బెల్జియంలో తల్లీబిడ్డలను వెంబడించి చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. మన దేశంలో తట్టు టీకా సార్వత్రిక కార్యక్రమంలో చేరింది 1985లో. ఇప్పుడు కాన్పులవుతున్న తల్లుల్లో ఎక్కువమంది ఆ తరువాత పుట్టినవారే.

తల్లి యాంటీబాడీలే అడ్డయితే, అవి లేని ఆరు నెలల బిడ్డకు టీకా వేస్తే పూర్తి ఫలితం రావాలి కదా? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రశ్ననే పరీక్షించి 1998లో ఫలితాలు వెలువరించారు. తల్లి యాంటీబాడీలు కనిపించని ఆరు నెలల పిల్లల్లో కూడా వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తొమ్మిది, పన్నెండు నెలల పిల్లల కంటే తక్కువగానే తయారయ్యాయి. అంటే అడ్డు సగం తల్లి నుంచి వచ్చినదైతే, మిగిలిన సగం బిడ్డ వయసు. యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు శోషరస గ్రంథుల్లోని (లింఫ్ గ్రంథుల్లోని) కొన్ని కేంద్రాల్లో, మరో రకం తెల్ల రక్తకణాలైన సహాయక టి కణాల తోడ్పాటుతో తమను తాము మెరుగుపరచుకుంటాయి. తొలి నెలల్లో ఆ కేంద్రాల నిర్మాణమే పూర్తి కాదు, సహాయక కణాలూ తక్కువ. తయారైన యాంటీబాడీ కణాలు దీర్ఘకాలం నివసించవలసిన ఎముక మజ్జలో కూడా వాటికి కావలసిన ఆదరువు అప్పటికి చాలినంత ఏర్పడి ఉండదు.

అయితే అదే అధ్యయనంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే రెండో ఫలితం ఒకటుంది. ఆరు నెలల పిల్లల టి కణాలు తట్టు వైరస్‌ను గుర్తించి వృద్ధి చెందడంలో పెద్ద పిల్లలకు తీసిపోలేదు. యాంటీబాడీ పరీక్షలో టీకా పని చేయలేదని అనిపించిన బిడ్డలో సైతం టి కణాలు పాఠం నేర్చుకునే ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని లోపం ఉన్న పిల్లలు తట్టు వస్తే సాధారణంగా మామూలు పిల్లల్లాగే కోలుకుంటారనీ, టి కణాల లోపం ఉన్న పిల్లలకే అది ప్రాణాంతకమవుతుందనీ వైద్యులు దశాబ్దాల కిందటే గమనించారు. సోకకుండా ఆపేది ప్రధానంగా యాంటీబాడీలు, సోకిన తరువాత వైరస్‌ను వెళ్లగొట్టేది ప్రధానంగా టి కణాలు. టీకా వేసిన నెల తరువాత రక్తపరీక్ష చేయించి, యాంటీబాడీల అంకె చూసి బెంగపడే కొందరు చదువుకున్న తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ అంకె కథలో సగమే చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ పరీక్ష అవసరం కూడా లేదు.

బిడ్డ భుజంలోకి మందు వెళ్లాక జరిగేది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో కనిపించే లక్షణాలన్నీ దీనికి సంబంధించినవే. బయట తిరిగే తట్టు వైరస్ ముఖ్యంగా సీడీ150 అనే గ్రాహకం ఉన్న కణాల్లోకి చొరబడుతుంది. ఈ గ్రాహకం ఉండేది రోగనిరోధక కణాల మీదనే. టీకా రకం వైరస్‌కు దానితోపాటు, శరీరంలోని కేంద్రకం ఉన్న దాదాపు అన్ని కణాల మీద ఉండే సీడీ46 గ్రాహకాన్ని కూడా వాడుకునే నేర్పు ప్రయోగశాలలో పెరిగే క్రమంలో అబ్బింది. చర్మం కింద కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు ఈ వైరస్‌ను తీసుకుని సమీపంలోని శోషరస గ్రంథులకు చేరతాయి. అక్కడ వైరస్ ముక్కలను టి కణాలకు చూపిస్తాయి. సరిపోలిన టి కణం దొరకగానే అది విభజన చెందుతూ పెద్ద దళంగా తయారవుతుంది. సీడీ4 రకం కణాలు బి కణాలకు సాయపడతాయి, సీడీ8 రకం కణాలు వైరస్ చేరిన కణాలను వెదికి చంపుతాయి. పసిపిల్లల కణాలు పెద్దవారి కణాలంత ఉధృతంగా ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనాన్ని విడుదల చెయ్యవు; వారి డెండ్రిటిక్ కణాలు ఇచ్చే ప్రేరణ కూడా కొంత మెత్తగానే ఉంటుంది. అయినా బతికి ఉన్న వైరస్ పరిమితంగా వృద్ధి చెందుతూ కొన్ని రోజులపాటు సంకేతాలు పంపుతూనే ఉంటుంది కాబట్టి, రసాయనాలతో చంపిన వైరస్ ఇవ్వలేని దీర్ఘమైన శిక్షణ బిడ్డ కణాలకు అందుతుంది. 1960 దశకంలో చంపిన వైరస్‌తో చేసిన తట్టు టీకా కొంతకాలం వాడుకలో ఉండి, నిలకడైన రక్షణ ఇవ్వలేక, టీకా పొందిన కొందరు పిల్లలకు తరువాత తట్టు సోకినప్పుడు జబ్బు మరింత తీవ్రమవడంతో ఉపసంహరణకు గురైంది. బతికి ఉన్న వైరస్ ఎందుకు అని అడిగేవారికి ఆ అనుభవమే జవాబు.

ఈ క్రమమంతటికీ సమయం పడుతుంది. సూది వేసిన రోజు రాత్రి వచ్చే కొద్దిపాటి నొప్పి, వెచ్చదనం సూదికి సంబంధించినవో, అదే రోజు వేసిన ఇతర టీకాలకు సంబంధించినవో. తట్టు టీకా అసలు సందడి మొదలయ్యేది వారం తరువాత. ఏడో రోజు నుంచి పన్నెండో రోజు మధ్య, నూటికి 5 నుంచి 15 మంది పిల్లలకు జ్వరం రావచ్చు, సుమారు 5 శాతం మందికి ఒంటి మీద పలచని ఎర్రటి పొక్కులు కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల్లో అవి తగ్గిపోతాయి. టి కణాల దళాలు వైరస్‌ను ఎదుర్కొంటున్న సమయం అదే. యాంటీబాడీలు రక్తంలో కనిపించడం 12 నుంచి 15 రోజుల మధ్య మొదలై, 21 నుంచి 28 రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. ముందు వచ్చే ఐజీఎం రకం తరువాత కనుమరుగవుతుంది, ఐజీజీ రకం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

సేవకు నేను మార్కులు ఎక్కువగా కోసింది సరిగ్గా ఈ చోటనే. మేము వెళ్లిన కేంద్రంలో సిస్టరు చేతివాటం చక్కగా ఉంది. ప్రతి బిడ్డకూ కొత్త సిరంజి వాడింది, సూదిని వెంటనే కత్తిరించే యంత్రంలో పెట్టింది, సీసా తెరిచిన సమయం దాని మీద రాసింది, విటమిన్ ఎ మొదటి మోతాదు కొలత చెంచాతో ఓపికగా తాగించింది, అరగంట కూర్చోబెట్టింది. వీటిలో ఒక్కదానికీ వంక పెట్టలేను. కానీ "జ్వరమొస్తే సిరప్ వెయ్యండమ్మా" అన్న ఒక్క వాక్యం తప్ప, ఆ జ్వరం వారం తరువాత రావచ్చన్న ముక్క ఆమె నోటి నుంచి గానీ, గోడ మీద అతికించిన పోస్టరు నుంచి గానీ ఎవరికీ తెలియలేదు. తొమ్మిదో రోజున జ్వరం, పొక్కులు చూసిన ఇంట్లో రెండే ఆలోచనలు కలుగుతాయి: టీకా వల్లే తట్టు వచ్చిందని ఒకటి, టీకా వేయించినా తట్టు ఆగలేదని మరొకటి. రెండూ తప్పే, రెండూ తరువాతి మోతాదుకు ఎసరు పెట్టేవే. మన ఇళ్లలో తట్టును అమ్మవారుగా భావించి వేపమండలు కట్టి, మందులు మానిపించే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. నాలుగు వాక్యాల కరపత్రం ఒకటి చేతిలో పెడితే తీరిపోయే సమస్య ఇది. తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద ఈ మాట పెద్ద అక్షరాల్లో ఉంటే ఇంకా మేలు.

ఆ రోజునే ఇచ్చే ఇతర టీకాల గురించి ఒక మాట. 2023 జనవరి నుంచి పోలియో సూది మందు మూడో మోతాదు కూడా తొమ్మిదో నెలలోనే చేరింది; న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ బూస్టరు, మెదడువాపు జ్వరం ఉన్న జిల్లాల్లో దాని టీకా కూడా అప్పుడే. ఒకే రోజున ఇన్ని పెడితే బిడ్డ కణాలు తట్టుకుంటాయా అని మా కోడలు అడిగింది. ఒక్కో టి కణం, ఒక్కో బి కణం ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తిస్తాయి. తట్టును గుర్తించే కణాలు న్యుమోనియా బాక్టీరియాను గుర్తించే కణాల పని చెయ్యవు, వాటి పనికి అడ్డురావు. ఏడుపు ఎక్కువగా ఉంటుంది, అంతే.

మోతాదు ఎక్కువ చేస్తే చిన్న వయసులోనే పని జరుగుతుందన్న ఆలోచన ఒకప్పుడు లేకపోలేదు. తల్లి యాంటీబాడీలను మించిపోయేంత వైరస్ నింపిన ఎడ్మన్‌స్టన్–జాగ్రెబ్ టీకాను ఆరు నెలల పిల్లలకు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించింది. యాంటీబాడీలు బాగానే వచ్చాయి. కానీ గినీ–బిసావు, సెనెగల్, హైతీ దేశాల్లో ఆ టీకా పొందిన ఆడపిల్లల్లో తరువాతి కాలంలో మరణాలు ఎక్కువగా ఉన్నట్లు తేలడంతో 1992లో ఆ సూచనను వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు మనకు అందుతున్నది ఆ అధిక మోతాదు కాదు, ప్రామాణిక మోతాదు. ఈ చరిత్ర చెప్పడం భయపెట్టడానికి కాదు. యాంటీబాడీల అంకె పెరిగినంత మాత్రాన టీకా మంచిదైపోదన్న జ్ఞానం ఈ మందు వెనుక ఉందని చెప్పడానికి. ఒక వస్తువు మీద నమ్మకం కలగడానికి, అది విఫలమైన రూపాలను తయారీదారులూ శాస్త్రజ్ఞులూ ఒప్పుకుని పక్కన పెట్టారా లేదా అన్నది నాకు ముఖ్యమైన కొలమానం.

రెండో మోతాదు గురించి చాలామందిలో ఉన్న అపోహ దాన్ని బూస్టరుగా భావించడం. ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకా తరువాత వేసే బూస్టరు పని వేరు, దీని పని వేరు. తొమ్మిది నెలలకు వేసినప్పుడు పట్టని ఆ 15 శాతం పిల్లలకు మరో అవకాశం ఇవ్వడమే దీని ప్రధానోద్దేశం. ఎవరికి పట్టింది, ఎవరికి పట్టలేదు అన్నది పైకి తెలియదు గనుక అందరికీ వేస్తారు. తొలిసారి స్పందించని పిల్లల్లో అత్యధికులు రెండోసారి స్పందిస్తారు. అప్పటికి తల్లి యాంటీబాడీలు పూర్తిగా పోయి, బిడ్డ శోషరస గ్రంథులు పరిణతి చెంది ఉంటాయి. మన దేశంలో రెండో మోతాదు 2010లో మాత్రమే మొదలైంది. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు తదితర చోట్ల, ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జరిగిన ఎం.ఆర్. ప్రచారోద్యమంలో తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లోనూ, ఆరోగ్య కేంద్రాల్లోనూ అదనపు మోతాదు వేశారు. రుబెల్లా మన ప్రభుత్వ టీకాలో చేరింది కూడా అప్పుడే. ఇంత చేసినా 2022 చివర్లో ముంబయిలో తట్టు ప్రబలింది. తొమ్మిది నెలల లోపు పిల్లల్లోనే పదో వంతుకు మించి కేసులు కనిపించే ప్రాంతాల్లో ఆరు నెలల నుంచి తొమ్మిది నెలల లోపు వారికి ఒక అదనపు మోతాదు ఇవ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు సూచించింది. అది లెక్కలోకి రాని మోతాదు. మామూలు రెండూ ఆ తరువాత వెయ్యవలసిందే.

ఈ నియమం వెనుక కారణం నెదర్లాండ్స్ అనుభవం చదివితే బాగా అర్థమవుతుంది. 2013–14లో అక్కడ టీకాలు వేయించుకోని మతవర్గపు గ్రామాల్లో తట్టు ప్రబలినప్పుడు, చుట్టుపక్కల పసిపిల్లలకు ఆరో నెల నుంచే ముందస్తు టీకా ఇచ్చారు. వారిని కొన్నేళ్లు అనుసరించగా, ఎనిమిదిన్నర నెలల లోపే తొలి మోతాదు పొందిన పిల్లల్లో యాంటీబాడీలు తక్కువగా ఉండి, త్వరగా తగ్గిపోయాయి. ముందే వేయడం ఆ క్షణపు ప్రమాదానికి మందే గానీ, అందరికీ అలవాటు చెయ్యదగినది కాదు. అదే ఉపద్రవంలో టీకా లేకుండా తట్టు సోకిన 77 మంది పిల్లల రక్తాన్ని జబ్బుకు ముందూ తరువాతా పోల్చి 2019లో ప్రచురించిన పరిశోధన మరింత గంభీరమైనది. ఇతర సూక్ష్మజీవుల మీద ఆ పిల్లలకు అంతకుముందు ఉన్న యాంటీబాడీల వైవిధ్యంలో 11 నుంచి 73 శాతం తుడిచిపెట్టుకుపోయింది. సీడీ150 ఉన్న జ్ఞాపక కణాలనే అసలు వైరస్ వెదికి చంపుతుంది గనుక, జలుబులతో జ్వరాలతో బిడ్డ కష్టపడి నేర్చుకున్నదాంట్లో కొంత భాగం మరుగున పడుతుంది. టీకా పొందిన పిల్లల్లో ఈ నష్టం కనిపించలేదు. "తట్టు పోస్తే ఒంట్లో వేడి పోతుంది, మంచిదే" అని మా పెద్దమ్మల తరం అనుకునేది. పోయేది వేడి కాదని ఇప్పుడు కొలిచి చూపించారు.

ప్రైవేటు ఆసుపత్రిలో వేయించే ఎం.ఎం.ఆర్. మంచిదా, ప్రభుత్వ ఎం.ఆర్. మంచిదా అన్న ప్రశ్న అపార్ట్‌మెంట్లలో తరచుగా వినిపిస్తుంది. తట్టు విషయంలో రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదు. ప్రైవేటు టీకాలో గవదబిళ్లల భాగం అదనంగా ఉంటుంది, భారతీయ పిల్లల వైద్యుల సంఘం దాన్ని తొమ్మిదో నెల, 15వ నెల, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య అని మూడుసార్లు సూచిస్తుంది. స్తోమత ఉండి గవదబిళ్లల రక్షణ కావాలనుకునేవారు అటు వెళ్లవచ్చు. ఖరీదైనది గనుక బలమైనదని మాత్రం అనుకోనక్కరలేదు. విదేశాల్లోని మన పిల్లలకు మరో సూచన: అమెరికాలో తొలి మోతాదు 12 నెలలు నిండాకే కాబట్టి, ఏడాది లోపు బిడ్డను అన్నప్రాశనకో, తాతమ్మలకు చూపించడానికో ఇండియా తీసుకువచ్చేవారు ప్రయాణానికి ముందు అక్కడి వైద్యుణ్ణి అడగాలి. ఆరు నుంచి 11 నెలల వయసులో విదేశీ ప్రయాణం చేసే బిడ్డకు ఒక మోతాదు ఇవ్వాలన్నది అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాల సూచనే. అది కూడా లెక్కలోకి రాదు, ఏడాది నిండాక రెండూ వేయించాలి.

ఈ టీకా అందరికీ కాదు. రోగనిరోధక శక్తి తీవ్రంగా దెబ్బతిన్న పిల్లలకు, కీమోథెరపీ వంటి చికిత్సలో ఉన్నవారికి, ఇంతకుముందు ఇదే మందుకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారికి ఇవ్వకూడదు. టి కణాలు లేని చోట బలహీనమైన వైరస్ కూడా ప్రమాదమే. మామూలు జలుబు, కొద్దిపాటి విరేచనాలు వాయిదాకు కారణాలు కావు. ఏడాది దాటిన పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ సుమారు 3,000 మోతాదులకు ఒకటి చొప్పున ఉండవచ్చు. చూడడానికి భయంకరంగా ఉన్నా అవి సాధారణంగా శాశ్వత హాని చెయ్యవు, కానీ వెంటనే వైద్యుడికి చూపించాలి.

వెళ్లబోయేవారికి నా సూచనలు ఇవి. తెలుగు రాష్ట్రాల్లో టీకాలు వేసేది ఎక్కువగా బుధ, శనివారాల్లో. పిల్లలు ఎక్కువమంది వచ్చే ఉదయం వేళకే చేరుకుంటే సీసా తెరిచి ఉంటుంది, వేచి ఉండే పని తప్పుతుంది. ద్రావణం కలిపిన సమయం సీసా మీద రాశారా అని మర్యాదగా అడగండి, మంచి సిస్టరు నొచ్చుకోదు. ప్రభుత్వం టీకాల నమోదుకు వాడే యూ–విన్ ఆన్‌లైన్ వేదికలో బిడ్డ పేరు, ఫోన్ నంబరు సరిగా ఎక్కాయో లేదో అక్కడే చూసుకోండి, రెండో మోతాదు కబురు ఆ నంబరుకే వస్తుంది. మా కోడలి పాత నంబరు నమోదై ఉండడం వల్ల మాకు ఆ కబురు రాలేదు, కార్డు చూసుకుని వెళ్లాం. ఏ కారణం చేతనైనా తేదీ దాటిపోతే ఇక అయిపోయిందని ఊరుకోవద్దు. ఐదేళ్లు నిండేలోపు ఎప్పుడు తీసుకువెళ్లినా ప్రభుత్వ కేంద్రంలో ఎం.ఆర్. వేస్తారు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉంటే చాలు.